ఎర్ర ఏనుగు, తొమ్మిది నొక్కులు

ఎగువపాలెం, ముంపు తరువాత పదకొండో ఏడు

జనవరి 9

వస్తువు నంబరు 1183. ఎర్ర ప్లాస్టిక్ ఏనుగు. జానెడు పొడవు, నాలుగు చక్రాలు, మెడకు తాడు కట్టి లాగే రకం. ముంపుకు ముందు యాభై, అరవై ఏళ్ల నాటి తయారీ.

దెబ్బలు: తొండం మొదట్లో విరిగి వేరైంది. వెనక ఎడమ చక్రం లేదు. వీపు మీద ఎండకు రంగు వెలిసింది. తొండం చివర తొమ్మిది నొక్కులు, అర మిల్లీమీటరు లోతు.

లైసెన్సు షరతు ప్రకారం రాయాల్సింది ఇంతే. మిగతాదంతా నా నోటి దురద. ఏటా మార్చిలో ఈ చిట్టా ఆనవాళ్ల ఆఫీసుకు తనిఖీకి వెళుతుంది. వాళ్లు ముద్ర కొట్టి పేర్ల గోడ వెనక గదిలో భద్రపరుస్తారు. పదేళ్లుగా ఇందులో వాళ్లను పేరుపేరునా తిడుతున్నాను. ఒక్కడూ ఒక్క మాట అనలేదంటే చదవడం లేదనేగా!

నా పేరు వాసంశెట్టి ఇందుమతి. పాత బొమ్మల్ని యథాతథం చెయ్యడం నా పని. అంటే ఫ్యాక్టరీ తలుపు దాటిన రోజున బొమ్మ ఎలా ఉందో అలా చెయ్యాలి. ఒక గీత ఎక్కువ ఉండకూడదు, ఒక చుక్క రంగు తేడా రాకూడదు. కొత్త ప్లాస్టిక్ పుట్టడం ఆగి ఇరవై ఏళ్లయింది కాబట్టి, మునకవాళ్లు నీళ్లడుగున ఇళ్లలోంచి ఏరుకొచ్చిన బొమ్మలకు ఇప్పుడు దేవుడి విగ్రహాలకున్న మర్యాద. మెట్ట మీది బంగళాల వాళ్లు అద్దాల బీరువాల్లో పెట్టుకుని మురిసిపోతారు.

ఈ ఏనుగును తెచ్చినావిడ బంగళా మనిషి కాదు. పేరు ఓలేటి చక్రవేణి. నాచు తొట్ల దగ్గర పనిచేస్తుంది, చేతులు మోచేతుల దాకా పచ్చబడి ఉన్నాయి. ఏనుగును కొంగులో చుట్టి, విరిగిన తొండాన్ని వేరే గుడ్డలో మూటకట్టి తెచ్చింది.

“తొండం అతికించండి చాలండి. ముక్కలైతే తీసుకోరంటండి,” అంది.

“అరకొర పని నా దగ్గరుండదమ్మా. చేస్తే మొత్తం చేస్తాను.”

“అంటే మరండీ, ఆ తొండం చివర...”

“కథలు చెప్పకు తల్లీ. ఆ బల్ల మీద కూర్చున్న ప్రతివాళ్లకీ ఓ కథ ఉంటుంది. అది వింటే నా చెయ్యి వణుకుతుంది. వారం పోయాక రా.”

ఆవిడ నా మొహం చూసింది, ఏనుగును చూసింది. “ఆయ్, అలాగేనండి,” అని లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఒకసారి వెనక్కి తిరిగింది కానీ నేను అప్పటికే కళ్లకు భూతద్దం తగిలించుకున్నాను.

కథలు వినకపోవడం నాకెవరూ నేర్పిన పద్ధతి కాదు. ముంపు తరువాత నాకు నేనే పెట్టుకున్నాను. ఈ కొండ మీద ఎవరి కథైనా చివరికి నీళ్లలోకే పోతుంది. నాకు తెలియనిదా?

జనవరి 12

1183. చేసినది: తొండం అతుకు. వెనక చక్రం కొత్తగా పోత. నొక్కుల పూడిక.

తీసేసినది: మురికి, వెలిసిన పై పొర, తొమ్మిది నొక్కులు.

సొంత డబ్బా కొట్టుకుంటానేమో కానీ, ఇలాంటి పని నేను కూడా ఏడాదికొకటే చేస్తాను. అదే కాలం నాటి ఎర్ర బకెట్టు ముక్క ఒకటి ఆరేళ్లుగా దాచి ఉంచాను. దాన్ని సన్నగా గీకి, వేడి సూదితో కరిగించి, ఒక్కొక్క నొక్కులోకీ చుక్క చుక్కగా దించాను. తరువాత ఉప్పుకాగితంతో తడితడిగా రుద్ది, చివర బట్టతో మెరుగు పెట్టాను. ఎక్కడ పూడ్చానో భూతద్దంతో వెతికితే నాకే దొరకలేదు. కరెంటు కోటా అయిపోయి సూది చల్లారే లోపు తొమ్మిదీ పూర్తయ్యాయి.

పక్క షెడ్డు మస్తాన్‌వలీ వచ్చాడు. షేక్ మస్తాన్‌వలీది మార్పు లైసెన్సు. చెయ్యి విరిగిన బొమ్మకు రేకుతో పీత డెక్క తగిలిస్తాడు, తల లేని ఎలుగుబంటికి టీ కెటిలు మూత బిగిస్తాడు. ప్రతిదాని అడుగునా ‘మార్పు’ అని ముద్ర కొట్టాలి, బంగళాల వాళ్లు వాటిని వేలితో కూడా ముట్టుకోరు. ఊళ్లో పిల్లలు మాత్రం వాడి గుమ్మం వదలరు.

“ఇదేంటక్కా, ఏనుగుని మళ్లీ పుట్టించేశావ్!”

“పనంటే ఇదిరా. ఎలుగుబంటికి కెటిలు మూత పెట్టడం కాదు.”

“నా ఎలుగుబంటితో పిల్లలు ఆడుకుంటారు. నీ ఏనుగుని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఏది బతికినట్టు?”

“చాల్లే నీ వేదాంతం.”

వాడు ఏనుగును తీసుకుని తొండం చివర వేలు పెట్టి చూశాడు. “మొన్న చూశాను, ఇక్కడ గాట్లుండాలే. ఎవరో పిల్లలు కొరికినట్టు...”

“ఏ కుక్కో కొరికుంటుంది. పూడ్చేశాను.”

“నేనైతే ఉంచేసేవాణ్ణి.”

“అందుకే నీది మార్పు, నాది యథాతథం. నడు, నాకు పనుంది.”

నడవలేదు. బియ్యం డబ్బా వైపు చూశాడు. వాడు అడగబోయేదేమిటో నాకు తెలుసు. “గోడ ఫిబ్రవరి పదికి మూసేస్తున్నారంటక్కా. ఇంకో నలభై పేర్లకే చోటుందంట. అన్వేష్ లారీ ఇస్తావా, ఇవ్వవా?”

నేను సూది శుభ్రం చేసుకున్నాను. వాడు వెళ్లిపోయాడు.

గోడ సంగతి రాయాలి, లేకపోతే నా మీద నాకే కోపం చల్లారదు. శవం దొరకని పిల్లల పేర్లు చెక్కే రాతిగోడ అది, కొండ అంచున సముద్రం వైపు తిరిగి ఉంటుంది. మొదట్లో ఎవరు అడిగినా చెక్కేవాళ్లు. తరువాత ఒకే పేరు రెండుసార్లు, పుట్టని పిల్లల పేర్లు, పగవాళ్లను ఏడిపించడానికి వాళ్ల బతికున్న పిల్లల పేర్లు కూడా రాయించారు. మనుషులు ఇంతే. అప్పటినుంచి ఆనవాలు ఉండాలన్నారు. పిల్ల స్వయంగా చేసిన గుర్తు ఏదైనా సరే, ఒక పంటిగాటు, ఒక గోటి గీత, తడి సిమెంటులో చెయ్యి అచ్చు. అది అసలుదో కాదో, పాతదో కాదో, ఇంతకుముందు ఎవరైనా వాడుకున్నదో కాదో యంత్రం చూసి చెబుతుంది. ఒక వస్తువుకు ఒక్క పేరు. పేరు చెక్కాక వస్తువును ఆ రాయి వెనక పెట్టి సిమెంటు చేసేస్తారు, మళ్లీ ఇవ్వరు.

నా కొడుకు ఎర్ర క్రేన్ లారీ బియ్యం డబ్బాలో ఉంది. క్రేన్ చెయ్యి వేలంత లావు, దాని చివర అన్వేష్ పంటిగాట్లు ఏడు. ఐదుసార్లు ఆఫీసు గేటు దాకా పట్టుకెళ్లి ఐదుసార్లూ వెనక్కి తెచ్చాను.

జనవరి 16

చక్రవేణి వచ్చింది. చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నట్టుంది, పచ్చరంగు వెలిసి వేళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఏనుగును బల్ల మీద పెట్టి గుడ్డ తీశాను. నా మొహం నేను చూసుకోలేదు కానీ పెళ్లికూతుర్ని చూపించే పేరంటాలిలా నవ్వుతూ ఉండి ఉంటాను.

ఆవిడ ముందు సంతోషపడింది. “అబ్బ, ఎంత బాగా అతికించారండీ!” అంటూ చేతిలోకి తీసుకుంది. బొటనవేలు తనంతట తనే తొండం చివరికి పోయింది. అక్కడ ఆగి అటూ ఇటూ రుద్దింది. తొండాన్ని వెలుతురుకు తిప్పి చూసి, మళ్లీ రుద్దింది.

“ఇక్కడివేవండీ?”

“ఏవి?”

“ఇక్కడ ఉండాలండి. మా పిల్ల పళ్లు.”

 పూడ్చానని చెప్పాను. ఆవిడ కేకలు వెయ్యలేదు, తిట్టలేదు. బల్ల మీద కూర్చుంది.

“లాస్యండి. ఓలేటి లాస్య. రెండేళ్ల పది నెలలు. పళ్లొచ్చినకాణ్ణుంచి దీని తొండమే నమిలేదండి. ముంపునాడు పడవోళ్లు ఎక్కమంటున్నారు, పిల్లేమో ఏనుగు కావాలని ఒకటే ఏడుపు. కిందడిపోయింది కదాని వొంగానండి. అంతే, ఒక్క సెకనండి. చేతికి బొమ్మొచ్చింది. పిల్ల రాలేదు.”

పంపులోంచి నీటి కోటా తాలూకు చుక్కలు డబ్బాలో పడుతున్నాయి. 

“ఫొటో ఒక్కటి లేదండి, ఫోన్లన్నీ పోయాయి కదా. మా ఆయన లేడు, మా వీధిలో ఎవరూ లేరు. అది పుట్టిందని చెప్పడానికి నేనూ, ఈ తొండం అంతేనండి. ఇన్నాళ్లూ దీన్ని వదల్లేక గోడకి ఇవ్వలేదండి. మూసేస్తారంటే తీశాను, మొన్న నా చేతిలోంచే జారి విరిగింది. ముక్కలైతే గోడకి తీసుకోరన్నారు. అందుకే మీ దగ్గరకొచ్చాను.”

“చెప్పొచ్చు కదమ్మా,” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో! నన్ను చెప్పుతో కొట్టాలి.

“చెప్పబోయానండి. మీరే వద్దన్నారు.”

జనవరి 19

ఆవిడ ఏనుగును బల్ల మీదే వదిలి వెళ్లింది. మూడు రోజులుగా తొండంలో పూడిక తవ్వుతున్నాను. వేరే కాలం ప్లాస్టిక్ వాడి ఉంటే పూడిక చర్మం ఒలిచినట్టు ఊడి వచ్చేది. అదే కాలం ముక్క వాడాను కదా, పొగరుబోతుదాన్ని! రెండూ కరిగి ఒకటైపోయాయి. సూది పెడితే పాతదీ కొత్తదీ కలిసి లేచివస్తోంది. రెండు నొక్కులు ఉన్నచోట ఇప్పుడు రెండు చిల్లులున్నాయి. ఆపేశాను.

ఈ చిట్టా పట్టుకుని ఆనవాళ్ల ఆఫీసుకు వెళ్లాను. కిటికీ అవతల పరిశీలకుడు కుర్రవాడేమీ కాదు, నా వయసే ఉంటుంది. జనవరి 9 పేజీ తీసి చూపించాను.

“చూడండి. పని మొదలుపెట్టక ముందే రాశాను. తొండం చివర తొమ్మిది. తేదీతో సహా ఉంది. లైసెన్సు ఉన్న మనిషి రాసింది. దీన్ని ఆనవాలుగా తీసుకోండి.”

ఆయన చదివాడు. ఈ పుస్తకాన్ని చదివిన మొదటి మనిషి ఆయనే అనుకుంటా.

“నొక్కులు అని రాశారు.”

“అవునండి.”

“పంటిగాట్లు అని రాయలేదు.”

“అవి పంటిగాట్లేనండి! వాళ్లమ్మ చెప్పింది.”

“మీరు చూసినప్పుడు మీకేం కనిపించిందో అది రాశారు. మీకు నొక్కులు కనిపించాయి. నేను మాత్రం ఏం చెయ్యనమ్మా?” పుస్తకం కిటికీలోంచి నెట్టాడు. మంచిగానే నెట్టాడు, విసరలేదు. విసిరి ఉంటే బాగుండేది, నాలుగు మాటలు అని కాస్త ఊపిరి పీల్చుకునేదాన్ని.

దిగి వస్తుంటే దారంతా ఆ మాటే. నాకు నొక్కులు కనిపించాయి. ముప్ఫై ఏళ్లుగా భూతద్దం పెట్టుకుని పనిచేస్తున్నాను, నా కొడుకు పంటిగాట్లు ఉన్న లారీ నా ఇంట్లోనే ఉంది, అయినా నాకు నొక్కులే కనిపించాయి.

జనవరి 24

మస్తాన్‌వలీకి చెప్పాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. ఏనుగును ఒళ్లో పెట్టుకుని తొండం చిల్లుల మీద వేలు పెట్టి చూశాడు.

“నేను కొత్త గాట్లు పెట్టగలనక్కా. మా చెల్లెలి కూతురిది మూడేళ్ల నోరు, అచ్చు తీసి నొక్కితే దిగిపోతాయి.”

“యంత్రం పట్టేస్తుందిరా. కొత్త గాటు అంచు పదునుగా ఉంటుంది.”

“పట్టేస్తుంది. అందుకే పాత గాటే కావాలి. పాత ప్లాస్టిక్కు మీద, ఎప్పుడో చిన్నపిల్లలు కొరికినది. అది కోసి తొండం చివర అతికితే నువ్వు అతికిన అతుకు ఏ యంత్రానికీ దొరకదు.”

“అది యథాతథం కాదు. మార్పు.”

“అవునక్కా, మార్పే,” అన్నాడు. “నేను ముద్ర కొట్టకపోతే నా లైసెన్సు పోద్ది. నువ్వు చేస్తే నీది పోద్ది. సరే, అదట్టా ఉంచు. అంత లావు ఎర్ర ముక్క, పంటిగాట్లతో, గోడకి చేరనిది ఎక్కడ దొరుకుద్ది? ఉన్నోళ్లంతా ఎప్పుడో ఇచ్చేశారు కదా.”

ఆ మాట అన్నాక వాడికి గుర్తొచ్చింది. బియ్యం డబ్బా వైపు చూడబోయి, చూడకుండా తల దించుకున్నాడు.

“నేనేం అనలేదక్కా,” అన్నాడు.

“ఇంటికి పోరా మస్తానూ.”

ఫిబ్రవరి 2

తొమ్మిది రోజులు ఇందులో ఏమీ రాయలేదు. పని కూడా చెయ్యలేదు.

చక్రవేణి మీద కోపం వచ్చింది. ఆవిడ రోజూ నాచు తొట్లకు నా షెడ్డు ముందునుంచే వెళుతుంది, ఒక్కసారి ఆగదు, లోపలికి తొంగి చూడదు. ఒక్కరోజు ఆగి నన్ను నిలబెట్టి దులిపేస్తే, నేనూ పదిమాటలు అని తలుపేసుకుందును. ఏమీ అనని మనిషిని ఏం చెయ్యగలం!

ఇవాళ లారీ బయటికి తీశాను.

ముంపునాడు పొద్దున అన్వేష్ దీన్ని నా సంచీలో పెట్టాడు. ముందు చక్రం ఊడిపోయింది. “అమ్మా, బాగుచెయ్యి,” అన్నాడు. సాయంత్రానికి చేసి తెస్తానన్నాను. దుకాణం పట్నంలో మూడో అంతస్తులో ఉండేది, ఇల్లు లంకలో. పదకొండింటికి ఎవరో పెద్దమనిషి తాలూకు రేకు రైలింజను పని మీద కూర్చున్నాను, కిటికీలోంచి చూసేసరికి కింద రోడ్డు లేదు. అక్కడినుంచి మా లంక వైపు చూస్తే నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. అప్పటికి వాడికి మూడేళ్ల నాలుగు నెలలు.

చక్రం ఇప్పటికీ ఊడే ఉంది. నా చేతికొచ్చిన ప్రతి బొమ్మనూ బాగుచేశాను. ఇదొక్కటీ చెయ్యలేదు. చేస్తే వాడి పని అయిపోయినట్టే. గోడకూ ఇవ్వలేదు. ఇస్తే వాడు అయిపోయినట్టే. ఇదీ నా సంగతి. అన్వేష్ పేరు గోడ మీద లేకపోవడానికి కారణం నేను, మునకవాళ్లూ కాదు, ఆఫీసూ కాదు. లాస్య పేరు లేకపోవడానికి కూడా నేనే. ఒక్క మనిషి రెండు పేర్లు తినేసింది.

ఒక పేరు కక్కగలను. ఏది కక్కాలో నాకు తెలుసు. వాడి పేరు రాయించడానికి నాకు పదకొండేళ్లు గడువుంది, నేను వాడుకోలేదు. ఆవిడ ఇవ్వడానికి తెగించి వచ్చేసరికి నేను పూడ్చేశాను.

సన్నరంపంతో కోశాను. చెయ్యి వణకలేదు. అదే నాకు ఏడుపు తెప్పించింది.

క్రేన్ చివరి ముక్క, రెండు అంగుళాలు, ఏనుగు తొండానికి సరిగ్గా సరిపోయింది. ఎరుపులో పిసరంత తేడా ఉంటే వీపు నుంచి చెవుల దాకా సర్దాను. గాట్లున్న చోట వేడి తగలకుండా తడిగుడ్డ చుట్టి ఉంచాను. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడితే దీపాలు పెట్టేవేళకు అయింది. నా జీవితంలో నేను చేసిన మొదటి మార్పు. అడుగున ముద్ర కొట్టలేదు.

ఫిబ్రవరి 6

నాచు తొట్ల దగ్గరికి నేనే వెళ్లి చక్రవేణిని పిలుచుకొచ్చాను. పాత గాట్లు కిందినుంచి బయటపడ్డాయని అబద్ధం చెప్పాను. అది దారిలో నాలుగుసార్లు చెప్పుకుని అభ్యాసం చేసిన అబద్ధం.

ఆవిడ ఏనుగును తీసుకుంది. బొటనవేలు తొండం చివర పెట్టింది. కళ్లు మూసుకుంది.

“ఇవి మా పిల్లవి కాదండి.”

“అవేనమ్మా. తవ్వితే...”

“కాదండి. లాస్యకి పైన ముందు పన్ను సగమేనండి, మెట్టు మీద పడి విరిగింది. ఇక్కడ నా వేలికి సందు తగలాలి. తగల్లేదు. ఇయ్యి ఏడే ఉన్నాయి. నిండు పళ్లు.” కళ్లు తెరిచింది. “ఎవరియ్యండి?”

చెప్పాను. లారీ తీసి చూపించాను. చెయ్యి తెగిన క్రేనును, ఊడిన చక్రాన్ని, అన్నీ. నేను ఎవరికీ చెప్పని కథ అది. మొత్తం చెప్పాను. ఆవిడ అడ్డం రాకుండా విన్నది.

“మరి బాబు పేరు?” అంది చివరికి.

“వాడి పేరు ఇంక రాదులే. నువ్వు మీ అమ్మాయి పేరు రాయించు. యంత్రం ఒప్పుకుంటుంది. మనిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు.”

“పూర్తి పేరేంటండీ బాబుది?”

“వాసంశెట్టి అన్వేష్.”

పెదాలు కదిలించి లోపల ఒకసారి అనుకుంది. ఏనుగును కొంగులో చుట్టుకుంది. “పదో తారీఖు పొద్దున్నే ఎళ్దామండి. మీ సంతకం కావాలంట కదా,” అని వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 10

క్యూలో మా ముందు పదిహేడుమంది ఉన్నారు. ఒకాయన చేతిలో చెక్క పలక, ఒకామె చేతిలో గోడపెచ్చు.  మా వెనక ఉన్నవాళ్లకు చోటు దొరకదని అందరికీ తెలుసు, అయినా నిలబడ్డారు.

కిటికీ దగ్గర జనవరిలో నాతో మాట్లాడిన పరిశీలకుడే. నన్ను గుర్తుపట్టలేదు. ఏనుగును యంత్రంలో పెట్టాడు. అది గరగరలాడి ఆకుపచ్చ దీపం వెలిగించింది. చిన్నపిల్లల పళ్లు, పాత గాట్లు, ఎవరూ వాడుకోలేదు.

“బాగుచేసింది ఎవరు?”

“నేనండి.”

“కొత్తగా ఏమైనా చేర్చారా?”

“లేదండి,” అని సంతకం పెట్టాను.

“పిల్ల పేరు?” అని చక్రవేణిని అడిగాడు.

“పిల్ల కాదండి, పిల్లోడు,” అంది చక్రవేణి. “వాసంశెట్టి అన్వేష్. మూడేళ్ల నాలుగు నెలలు.”

“మీరేమవుతారు?”

ఆవిడ పక్కకు జరిగి నా వైపు చెయ్యి చూపించింది. “తల్లి ఆవిడండి.”

నేను నోరు తెరిచాను. కాదని, ఈ బొమ్మ ఆమెదని, లాస్య అని రాయమని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. మూసుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను: ఆయన వాడి పేరును పైకి చదువుతూ రాసుకుంటుంటే నాకు సంతోషమేసింది. పదకొండేళ్లలో ఆఫీసు మనిషి ఒకడు వాడి పేరు పలకడం అదే మొదలు.

బయటికొచ్చాక ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుంది.

“ఎందుకు చేశావమ్మా?”

“ఆ పళ్లు బాబియ్యి కదండీ. దాని పేరు అక్కడ రాయించి, రోజూ ఎళ్లి నిలబడితే రాయెనకాల మీవోడే ఉంటాడు. లాస్య ఉండదు. నాకు గోడ మీద పేరు కాదండి కావాల్సింది. అదున్నాదన్న గుర్తు కావాలి.” కొంగు నడుముకు దోపుకుంది. “మిమ్మల్ని క్షమించేశాననుకోకండి. మీ చేత్తో పూడ్చేశారు దాన్ని. ఒక్క మాట ఇన్నుంటే సరిపోను.”

నలభై పేర్లు నిండాయని ఎవరో అరిచారు. గేటు గొలుసు వేసిన చప్పుడు వినిపించింది. ఆవిడ నాచు తొట్ల వైపు నడిచి వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 11

ఈ చిట్టా వచ్చే నెల తనిఖీకి వెళుతుంది. ఎవరైనా చదివితే నా లైసెన్సు పోతుంది. పోనీ. గోడ మీద అబద్ధం ఏమీ లేదు. పళ్లు అన్వేష్‌వే, పేరూ వాడిదే. అబద్ధమల్లా నా సంతకం ఒక్కటే, దానికి నేనే పూచీ. ఎవరూ చదవకపోతే ముద్ర కొట్టి గోడ వెనక గదిలో పెట్టి తాళం వేస్తారు. ఎలా చూసినా ఈ పేజీ అక్కడికి చేరుతుంది. లాస్య పేరు రాళ్ల మీదకి ఎక్కకపోయినా, రాళ్ల వెనక్కి అయినా చేరాలి.

పొద్దున మస్తాన్‌వలీ వచ్చి, చెయ్యి తెగిన లారీని చూసి, రేకు ముక్కతో కొత్త క్రేన్ చేసిస్తానన్నాడు. వద్దన్నాను. ముందు చక్రం మాత్రం నేనే బిగించాను.

1183, సవరణ. యథాతథం ఫారంలో ‘చేర్చినది’ అనే గడి ఉండదు. గీత గీసి నేనే పెట్టుకున్నాను.

చేర్చినది: వాసంశెట్టి అన్వేష్ పంటిగాట్లు, ఏడు.

తీసేసినది: ఓలేటి లాస్య పంటిగాట్లు, తొమ్మిది. వయసు రెండేళ్ల పది నెలలు. తల్లి ఓలేటి చక్రవేణి. పై వరసలో ముందు పన్ను సగం విరిగి ఉండేది, మెట్టు మీద పడి. ముంపునాడు ఎర్ర ఏనుగు కావాలని ఏడ్చింది. ఈ పిల్ల ఉంది. ఆమె గాట్లను నేను చూశాను, చేత్తో తాకాను, తెలిసీ తెలియక పూడ్చాను.

జనవరి 9 పేజీలోనూ, 12 పేజీలోనూ ‘నొక్కులు’ అని రాసినవన్నీ కొట్టేసి, పైన ‘పంటిగాట్లు’ అని దిద్దాను.

ఇట్లు, వాసంశెట్టి ఇందుమతి, అన్వేష్ తల్లి.